ఆకారం వచ్చింది... ఆలోచన రాలేదు!
కంప్యూటర్ డిజైన్ల దిగుమతిలో భారతీయ పరిశ్రమకు ఎదురవుతున్న చిక్కులు

ఓడరేవుకు చేరే యంత్రానికి బిల్లు ఉంటుంది, సుంకం ఉంటుంది, తనిఖీ చేసే కస్టమ్స్ అధికారి ఉంటాడు. పెట్టె విప్పినప్పుడు ఏ భాగమైనా విరిగి కనిపిస్తే బీమా సంస్థను నష్టపరిహారం కోరవచ్చు. అదే యంత్రం తాలూకు డిజైను కంప్యూటర్ ఫైలు రూపంలో దేశంలోకి ప్రవేశించినప్పుడు మాత్రం ఈ ఏర్పాట్లేవీ వర్తించవు. స్టుట్‌గార్ట్ నుంచో, టూలూజ్ నుంచో, డెట్రాయిట్ నుంచో బయలుదేరిన ఫైలు క్షణాలలో పుణె, చెన్నై, కోయంబత్తూరు, హైదరాబాద్ నగరాలలోని డిజైను కార్యాలయాలకు చేరుతుంది. దానిని తెరిచిన ఇంజనీరుకు తెరపై యంత్రం చూడముచ్చటగా దర్శనమిస్తుంది. అందులోని ఒక రంధ్రం వ్యాసాన్ని 2 మిల్లీమీటర్లు పెంచబోయినప్పుడు గాని అసలు సంగతి బయటపడదు. ఆ రంధ్రం అక్కడ ఎందుకున్నదో, దేనిని బట్టి దాని కొలత నిర్ణయమైనదో ఆ ఫైలుకు తెలియదు.

కంప్యూటర్ సహాయంతో డిజైన్లు రూపొందించే క్యాడ్ సాఫ్ట్‌వేర్లు వాడే ప్రతి సంస్థకూ ఈ అనుభవం ఎదురవుతూనే ఉంటుంది. ఒకరు ఒక సాఫ్ట్‌వేర్‌లో తయారుచేసిన సంక్లిష్టమైన కూర్పును మరొకరు వేరొక సాఫ్ట్‌వేర్‌లోకి తెచ్చుకుని, అక్కడి నుంచి పనిని ముందుకు నడపడం నేటి పరిశ్రమలలో నిత్యకృత్యం. భారతదేశపు ఇంజనీరింగ్ వస్తువుల ఎగుమతులు 2024-25లో 11,600 కోట్ల డాలర్లను మించాయి. వాటిలో వాహన భాగాలు, విమాన భాగాలు, యంత్ర విడిభాగాలు అనేకం విదేశీ కొనుగోలుదారు పంపిన డిజైను ఫైలుతోనే ఊపిరి పోసుకుంటాయి. కనుక ఆ ఫైలు ఎంత భద్రంగా, ఎంత అర్థవంతంగా చేతికి అందుతున్నదన్నది కేవలం సాంకేతిక నిపుణులు తర్కించుకునే విషయంగా మిగలడం లేదు. అది ఆర్డర్లకు, గడువులకు, లాభనష్టాలకు సంబంధించిన సమస్యగా పరిణమించింది.

కూర్పులో ఏముంటుంది?

ఇంజనీర్ల పరిభాషలో అసెంబ్లీ అంటే శాసనసభ కాదు; అనేక భాగాలు జతకూడి ఏర్పడిన కూర్పు. ఒక వాహనపు గేర్‌బాక్సునే తీసుకుంటే అందులో షాఫ్టులు, గేర్లు, బేరింగులు, సీళ్లు, పైకప్పు, దానిని బిగించే బోల్టులు ఉంటాయి. వీటిలో కొన్ని కలిసి ఒక ఉపకూర్పుగా, అటువంటివి కొన్ని కలిసి పెద్ద కూర్పుగా ఏర్పడతాయి. కంప్యూటర్‌లో ఇది వంశవృక్షం మాదిరిగా కనిపిస్తుంది. గేర్‌బాక్సు మూలపురుషుడైతే షాఫ్టుల కూర్పు కొడుకు, బేరింగు మనుమడు.

ఇటువంటి కూర్పులో అయిదు రకాల సమాచారం ఇమిడి ఉంటుంది. మొదటిది ప్రతి భాగం ఆకారం. రెండవది ఆ భాగం మొత్తం కూర్పులో ఎక్కడ, ఏ దిశలో నిలబడి ఉన్నదనే స్థానం. మూడవది భాగాల పేర్లు, సంఖ్యలు, అవి వాడే లోహం వివరాలు. నాలుగవది ఒక భాగం మరొకదానితో ఏ నిబంధనపై జతకూడిందనే సంబంధం. షాఫ్టు కేంద్రరేఖ బేరింగు కేంద్రరేఖతో ఏకీభవించాలనేది అటువంటి నిబంధనే. అయిదవది ఆకారం పుట్టుక చరిత్ర. ముందు దిమ్మెను సృష్టించి, తరువాత రంధ్రం తొలిచి, ఆపైన అంచులను గుండ్రంగా మలిచిన క్రమమంతా మూల సాఫ్ట్‌వేర్‌లో నమోదై ఉంటుంది. ఒక కొలత మార్చితే ఆ క్రమం తిరిగి నడిచి కొత్త ఆకారం సిద్ధమవుతుంది.

ఒక సాఫ్ట్‌వేర్ నుంచి మరొక సాఫ్ట్‌వేర్‌కు వెళ్లేటప్పుడు మొదటి రెండూ సాధారణంగా క్షేమంగానే చేరతాయి. మూడవది కొంత చేరుతుంది, కొంత జారిపోతుంది. నాలుగవది, అయిదవది దాదాపుగా దారిలోనే రాలిపోతాయి. ఆవకాయ జాడీ ఇంటికి చేరింది గాని ఆవపిండి ఎంత, కారం ఎంత, నూనె ఎంత అన్న పాళ్లు చెప్పే పెద్దావిడ రాలేదన్నట్లుగా ఉంటుంది పరిస్థితి. ఉన్న ఆవకాయను వడ్డించుకోవచ్చు. కొత్తది కలపడమే కష్టం. ఈ విధంగా చరిత్ర కోల్పోయి వచ్చిన ఆకారాన్ని డిజైనర్లు 'మూగ ఘనరూపం' అని వ్యవహరిస్తారు.

భాషలు వేరు, లిపులు వేరు

ఈ నష్టానికి మూలం సాఫ్ట్‌వేర్ల అంతర్నిర్మాణంలో ఉంది. ఘనాకారాలను గణితరీత్యా లెక్కకట్టే కీలక భాగాన్ని కెర్నెల్ అంటారు. బ్రిటన్‌లోని కేంబ్రిడ్జిలో పుట్టిన పారాసాలిడ్ ప్రస్తుతం సీమెన్స్ చేతిలో ఉంది. సీమెన్స్ వారి ఎన్‌ఎక్స్, సాలిడ్ ఎడ్జ్‌లతో పాటు ఫ్రాన్సుకు చెందిన దసో సిస్టమ్స్ వారి సాలిడ్‌వర్క్స్ కూడా దానిపైనే నడుస్తుంది. అదే దసో సిస్టమ్స్ వారి కాటియాకు మాత్రం వేరే సొంత కెర్నెల్ ఉంది. పీటీసీ వారి క్రియోది మరొకటి. ఒకే వంపును ఇవి వేర్వేరు విధాలుగా వర్ణిస్తాయి. ఆకారం కన్నా చరిత్ర విషయంలో తేడా ఇంకా ఎక్కువ. ఒక సాఫ్ట్‌వేర్‌లో 'అంచును గుండ్రం చేయి' అన్న ఆదేశానికి మరొక దానిలో అచ్చంగా సరిపోయే ఆదేశం ఉండకపోవచ్చు. ఉన్నప్పటికీ ఫలితం తేడాగా రావచ్చు.

కచ్చితత్వం విషయంలోనూ ఇదే చిక్కు. ఒక సాఫ్ట్‌వేర్ మిల్లీమీటరులో వెయ్యో వంతు లోపల ఉన్న రెండు బిందువులను ఒకటిగానే పరిగణిస్తుంది. మరొకటి మిల్లీమీటరులో లక్షో వంతు వరకు పట్టి చూస్తుంది. రెండు తలాల నడుమ అరవెయ్యో వంతు సందు ఉన్నదనుకుంటే మొదటి సాఫ్ట్‌వేర్‌కు అది మూసుకున్న పెట్టె, రెండవదానికి నోరు తెరిచిన పెట్టె. మూసుకోని ఆకారానికి ఘనపరిమాణం ఉండదు, బరువు లెక్కకు రాదు, దానిలో రంధ్రం తొలచడం సాధ్యపడదు. ఇప్పటి సాఫ్ట్‌వేర్లు ఇటువంటి సందులను తమంతట తామే కుట్టివేయడానికి ప్రయత్నిస్తాయి. వందలాది భాగాలలో ఏ నాలుగింటినో కుట్టలేక వదిలివేస్తాయి. వాటిని వెతికి పట్టుకోవడం డిజైనరు కంటికీ ఓపికకూ పరీక్ష.

ప్రమాణాల కోసం ప్రయాస

ఈ భాషాభేదాలను తొలగించేందుకు ఉమ్మడి లిపి కావాలన్న ఆలోచన కొత్తదేమీ కాదు. అమెరికాలో వైమానిక దళం, బోయింగ్, జనరల్ ఎలక్ట్రిక్ వంటి సంస్థల చొరవతో 1979లో మొదలైన కృషి ఫలితంగా 1980లో ఐజెస్ అనే ప్రమాణం వెలువడింది. గీతలను, తలాలను ఒక సాఫ్ట్‌వేర్ నుంచి మరొకదానికి చేరవేయడంలో అది ఎంతో ఉపకరించింది. అయితే అది ప్రధానంగా తలాలను విడివిడి రేకుల మాదిరిగా మోసుకువచ్చేది. వాటిని కుట్టి ఘనరూపం చేసుకునే భారం అందుకున్నవారిపై పడేది.

ఈ లోపాన్ని సవరించే ఉద్దేశంతో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఆధ్వర్యంలో 1984లో స్టెప్ అనే ప్రమాణానికి శ్రీకారం చుట్టారు. దానిలోని తొలి భాగాలు పదేళ్ల అనంతరం, అంటే 1994లో ప్రచురితమయ్యాయి. ఘనరూపాలతో పాటు కూర్పు వంశవృక్షాన్ని కూడా మోయగల శక్తి దీనికి ఉంది. విమాన పరిశ్రమ అవసరాలకు ఏపీ 203 పేరిట, మోటారు వాహన పరిశ్రమ అవసరాలకు ఏపీ 214 పేరిట దీనిలో వేర్వేరు శాఖలు ఏర్పడ్డాయి. ఈ రెండింటినీ మేళవించి 2014లో ఏపీ 242 వెలువడింది. కొలతలలో అనుమతించే హెచ్చుతగ్గులను, తయారీ సూచనలను సైతం కంప్యూటర్ నేరుగా చదువుకోగలిగే రీతిలో మోయడం దీని విశేషం.

ఇంత చేసినా పుట్టుక చరిత్రను సాఫ్ట్‌వేర్ల మధ్య బదిలీ చేయడం ఆచరణలో విస్తృతంగా అమలులోకి రాలేదు. ప్రమాణంలో అందుకు ఏర్పాట్లు ఉన్నప్పటికీ వాటిని పూర్తిగా అమలుపరచడానికి సాఫ్ట్‌వేర్ సంస్థలు ఉత్సాహం చూపలేదు. వినియోగదారుడు సులభంగా పొరుగు సాఫ్ట్‌వేర్‌కు తరలిపోయే మార్గాన్ని ఏ వ్యాపారి మాత్రం తన ఖర్చుతో వేసి ఇస్తాడు?

చిన్న తేడాకు పెద్ద మూల్యం

ఈ సమస్యను తేలికగా తీసుకుంటే ఏం జరుగుతుందో చెప్పడానికి ఎయిర్‌బస్ ఏ-380 ఉదంతం చాలు. రెండంతస్తుల ఆ మహావిమానంలో సుమారు 530 కిలోమీటర్ల పొడవున వైర్లు ఉన్నాయి. వైర్ల సంఖ్య దాదాపు లక్ష, వాటిని కలిపే కనెక్టర్లు 40 వేలకు పైగా ఉన్నాయి. జర్మనీ, స్పెయిన్ ఇంజనీర్లు కాటియా నాలుగవ తరం సాఫ్ట్‌వేర్‌పై పనిచేయగా, ఫ్రాన్సు, బ్రిటన్ ఇంజనీర్లు అయిదవ తరానికి మారిపోయారు. రెండూ ఒకే సంస్థ ఉత్పత్తులే అయినా అయిదవ తరం పూర్తిగా కొత్తగా రాసిన సాఫ్ట్‌వేర్. డిజైనులో చేసిన మార్పులు ఒక చోటి నుంచి మరొక చోటికి సక్రమంగా చేరలేదు. ఫలితంగా హాంబర్గ్‌లో సిద్ధం చేసిన వైర్ల కట్టలు టూలూజ్‌లో విమానంలో అమర్చబోయేసరికి పొడవు చాలలేదు.

సంస్థ 2006 జూన్‌లో విమానాల అప్పగింతలో జాప్యాన్ని ప్రకటించింది. అదే సంవత్సరం అక్టోబరు నాటికి లాభాలలో 480 కోట్ల యూరోల మేరకు కోత పడుతుందని అంచనా వేసింది. ఆ వేసవిలోనే సంస్థ అగ్రనేతలు పదవులు వీడవలసి వచ్చింది. తొలి విమానం 2007 అక్టోబరులో గాని సింగపూర్ ఎయిర్‌లైన్స్‌కు అందలేదు. విమానయాన సంస్థలు ఒక్కొక్కటి ఒక్కో రకం అమరిక కోరడం, నాలుగు దేశాల విభాగాల మధ్య సమన్వయం లోపించడం కూడా ఈ జాప్యానికి తోడయ్యాయి. అయినప్పటికీ సాఫ్ట్‌వేర్ తరాల మధ్య అఖాతం ఈ వ్యవహారంలో ప్రధాన పాత్ర వహించిందనడంలో సందేహం లేదు.

ఏ-380 ఒక్కటే ఇందుకు ఉదాహరణ కాదు. అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థ 1999లో వెలువరించిన అధ్యయనం ప్రకారం అక్కడి మోటారు వాహన పరిశ్రమ, దాని సరఫరాదారులు సాఫ్ట్‌వేర్ల మధ్య పొత్తు కుదరనందువల్ల ఏటా కనీసం 100 కోట్ల డాలర్లు నష్టపోతున్నారు. ఇందులో సింహభాగం పనికిరాని ఫైళ్లను సరిచేయడానికో, తిరిగి మొదటి నుంచి గీయడానికో అవుతున్న ఖర్చేనని ఆ అధ్యయనం తేల్చడం గమనార్హం.

కొలమానాల తేడా మరొక ప్రమాదం. అంగుళాలలో ఉన్న ఆకారాన్ని మిల్లీమీటర్లుగా చదివితే యంత్రం 25.4 రెట్లు కుంచించుకుపోతుంది. స్టెప్ ఫైలులో కొలమానం నమోదై ఉంటుంది. త్రీడీ ముద్రణకు విరివిగా వాడే ఎస్‌టీఎల్ ఫైలులో అసలు కొలమానం ప్రస్తావనే ఉండదు. అంత పెద్ద తేడా తెరపై వెంటనే కనిపిస్తుంది గనుక ప్రమాదం తక్కువ. అంకెల రూపంలో మాత్రమే చేతులు మారే సమాచారంలో అటువంటి తేడా కంటికి ఆనదు. అమెరికా అంగారక ఉపగ్రహం ఒకటి 1999 సెప్టెంబరులో నాశనమైంది కొలమానాల పొరపాటు వల్లనే. ఒక బృందం పౌండ్ల లెక్కలో ఇచ్చిన అంకెలను మరొక బృందపు వ్యవస్థ న్యూటన్ల లెక్కలో స్వీకరించింది. అది క్యాడ్ పొరపాటు కాదు గాని, ఇద్దరి మధ్య చేతులు మారే సమాచారాన్ని సరిచూసుకోకపోతే ఏమవుతుందో చెప్పే పాఠం.

మన అనుభవం

ఈ రంగంలో భారతదేశం కేవలం ఫైళ్లు అందుకునే స్థితిలో లేదన్నది విస్మరించరాదు. తేలికపాటి యుద్ధవిమానం తేజస్ రూపకల్పన కోసం 1984లో ఏర్పడిన ఏరోనాటికల్ డెవలప్‌మెంట్ ఏజెన్సీ, కంప్యూటర్ ఆధారిత డిజైనును దేశంలో తొలినాళ్లలోనే పెద్ద ఎత్తున చేపట్టిన సంస్థలలో ఒకటి. విమాన చట్రం బరువులో 45 శాతం కార్బన్ పోగులతో కూడిన కాంపోజిట్ పదార్థాలే. వాటి పొరల అమరికను రూపొందించేందుకు ఆ సంస్థ సొంతంగా ఆటోలే అనే సాఫ్ట్‌వేర్‌ను అభివృద్ధి చేసింది. దానిని అనంతరం ఎయిర్‌బస్ కూడా తన వినియోగానికి ఎంచుకుంది.

మూగ ఘనరూపానికి మాటలు నేర్పే విద్యలోనూ భారతీయుల చేయి ఉంది. ముంబైలో గోద్రెజ్ కుటుంబం నుంచి ఎదిగిన జియోమెట్రిక్ సంస్థ, ఆకారాన్ని పరిశీలించి ఇది రంధ్రం, ఇది గాడి, ఇది గుండ్రటి అంచు అని గుర్తుపట్టే పరిజ్ఞానాన్ని అభివృద్ధి చేసింది. దిగుమతి అయిన ఆకారంలో కోల్పోయిన చరిత్రను కొంతవరకు తిరిగి నిర్మించే ఫీచర్‌వర్క్స్ అనే ఉపకరణం ఈ కృషి ఫలమే. అది సాలిడ్‌వర్క్స్‌లో అంతర్భాగమై ప్రపంచమంతటా వాడుకలోకి వచ్చింది. జియోమెట్రిక్ 2002లో దసో సిస్టమ్స్‌తో కలిసి పుణె కేంద్రంగా ఉమ్మడి సంస్థను స్థాపించింది. 2017లో దాని వ్యాపారం హెచ్‌సీఎల్‌లో విలీనమైంది. హైదరాబాద్‌లో బి.వి.ఆర్. మోహన్‌రెడ్డి 1991లో స్థాపించిన ఇన్ఫోటెక్ ఎంటర్‌ప్రైజెస్, నేటి సయెంట్, విదేశీ ఇంజను తయారీదారులకు డిజైను సేవలు అందించే స్థాయికి ఎదిగింది.

తయారీ రంగంలో తేజస్ మార్క్ 1ఏ పనుల పంపకాన్ని చూస్తే సమస్య విస్తృతి అర్థమవుతుంది. రెక్కలు కోయంబత్తూరులోని ఎల్ అండ్ టీ కర్మాగారంలోను, మధ్య దేహభాగం హైదరాబాద్‌లోని వెమ్ టెక్నాలజీస్‌లోను, వెనుక దేహభాగం బెంగళూరులోని ఆల్ఫా టోకాల్‌లోను తయారవుతున్నాయి. ఇవన్నీ హిందుస్థాన్ ఏరోనాటిక్స్ కర్మాగారంలో ఒకదానితో ఒకటి అతుక్కోవాలి. హైదరాబాద్ శివార్లలోని ఆదిభట్లలో అపాచీ హెలికాప్టర్ల దేహభాగాలు బోయింగ్ కోసం 2018 నుంచి తయారవుతున్నాయి. రఫేల్ యుద్ధవిమానాల దేహభాగాలను హైదరాబాద్‌లో తయారుచేసే ఒప్పందాన్ని దసో ఏవియేషన్, టాటా సంస్థలు 2025 జూన్‌లో ప్రకటించాయి. వడోదరలో 2024 అక్టోబరులో ప్రారంభమైన కర్మాగారంలో 40 సీ-295 రవాణా విమానాలు రూపుదిద్దుకోవలసి ఉంది. ఈ ప్రాజెక్టులన్నింటిలోనూ లోహం కంటే ముందు కదిలేది ఫైలే.

చిన్న పరిశ్రమ గోడు

పెద్ద సంస్థలు విదేశీ భాగస్వామి వాడే సాఫ్ట్‌వేర్‌నే కొనుగోలు చేసి చిక్కును దాటవేయగలవు. అసలు ఇబ్బంది వారి కింద పనిచేసే రెండవ, మూడవ అంచె సరఫరాదారులది. బాలానగర్, జీడిమెట్ల, పీణ్య, రాజ్‌కోట్, కోయంబత్తూరు పారిశ్రామికవాడలలో పది, ఇరవై మంది పనివారితో డైలు, జిగ్‌లు, ఫిక్చర్లు తయారుచేసే యూనిట్లు ఎన్నో ఉన్నాయి. వీటి ఖాతాదారుల్లో ఒకరు కాటియా, ఒకరు ఎన్‌ఎక్స్, మరొకరు క్రియో వాడుతుంటారు. అన్ని సాఫ్ట్‌వేర్లకూ ఏటేటా లైసెన్సు రుసుము చెల్లించడం వాటి శక్తికి మించిన పని. కనుక స్టెప్ ఫైలు పంపమని అడిగి, తమ వద్దనున్న ఒక్క సాఫ్ట్‌వేర్‌లోనే సర్దుకుంటాయి.

ఒక ఫిక్చర్ డిజైనరుకు ఎదురయ్యే పరిస్థితిని ఊహిస్తే విషయం మరింత స్పష్టమవుతుంది. ఇంజనులోని ఒక్క భాగాన్ని బిగించి పట్టే సాధనం అతడు రూపొందించవలసి ఉంటుంది. అందిన ఫైలులో మాత్రం ఇంజను మొత్తం ఉంటుంది. ఒకే బోల్టు వందల చోట్ల వాడి ఉంటే, బాగా రాసిన ఫైలు బోల్టు ఆకారాన్ని ఒక్కసారి నమోదు చేసి, అది నిలిచే చోట్లను మాత్రం జాబితాగా ఇస్తుంది. సరిగా రాయని ఫైలు ఆ బోల్టును వందల సార్లు విడివిడిగా మోసుకువస్తుంది. ఫైలు ఉబ్బిపోయి కంప్యూటర్ మొరాయిస్తుంది. కొన్ని సందర్భాలలో వంశవృక్షమంతా చెరిగిపోయి, వేల భాగాలు పేరూ ఊరూ లేని ఒకే ముద్దగా ప్రత్యక్షమవుతాయి. పేర్లు వచ్చినా అవి మూల సంస్థ సంకేత సంఖ్యలే తప్ప అర్థమయ్యే మాటలు కావు.

ఇంతా చేసి ఫిక్చర్ డిజైను పూర్తయ్యాక ఖాతాదారు నుంచి సవరించిన ఫైలు వస్తుంది. ఇక్కడే అసలు కష్టం మొదలవుతుంది. మొదటి ఫైలులోని తలాలను ఆధారం చేసుకుని డిజైనరు తన కొలతలన్నీ కట్టి ఉంటాడు. కొత్త ఫైలులో అవే తలాలు కంటికి ఒకేలా కనిపించినా, సాఫ్ట్‌వేర్ దృష్టిలో అవి కొత్తవి. పాత సంబంధాలన్నీ తెగిపోయి తెరనిండా ఎర్రని హెచ్చరికలు పరుచుకుంటాయి. మారినది ఒక్క కొలతే అయినా సరిచేయవలసినవి అనేకం. ఈ శ్రమకు ఖాతాదారు చెల్లించేది ఏమీ ఉండదు, గడువు మాత్రం జరగదు.

అనుభవజ్ఞుల పద్ధతి

ఈ రంగంలో చేయి తిరిగిన వారు అనుసరించే పద్ధతులు కొన్ని పరిశీలించదగినవి. మొదటిది, ఇరువురి సాఫ్ట్‌వేర్లు ఒకే కెర్నెల్‌పై నడిచేవైతే ఆ కెర్నెల్ సొంత ఫైలునే అడిగి తీసుకోవడం. పారాసాలిడ్‌పై నడిచే రెండు సాఫ్ట్‌వేర్ల మధ్య ఆకారాన్ని అనువదించవలసిన అవసరమే రాదు. అది సాధ్యం కానప్పుడు స్టెప్ ఏపీ 242 మేలైన మార్గం.

రెండవది, ఫైలు తెరిచిన వెంటనే పనిలోకి దిగక ముందుగా లెక్క సరిచూడడం. పంపినవారి జాబితాలో ఎన్ని భాగాలు ఉన్నాయి, తెరపైకి ఎన్ని వచ్చాయి? ఒక్కొక్క భాగం ఘనపరిమాణం, ఉపరితల వైశాల్యం, గురుత్వ కేంద్రం ఇరువైపులా ఏకీభవిస్తున్నాయా? ఈ మూడు అంకెలనూ ఫైలులోనే పొందుపరిచి పంపే వీలు స్టెప్‌లో ఉంది. అడిగి తీసుకుంటే పది నిమిషాలలో తేలిపోయే తేడాను అడగకపోతే పనిముట్టు తయారైన తరువాత తెలుసుకోవలసి వస్తుంది.

మూడవది, వచ్చిన కూర్పును మార్చకుండా ఆధారంగా మాత్రమే నిలుపుకుని, సొంత భాగాలను దాని పక్కన విడిగా నిర్మించడం. సొంత కొలతలను పరాయి తలాలకు నేరుగా ముడివేయక, నడుమ తాము ఏర్పరచుకున్న కొన్ని రేఖలకు, తలాలకు ముడివేస్తే సవరించిన ఫైలు వచ్చినప్పుడు ఆ కొద్ది ముడులు మాత్రమే విప్పి కట్టుకుంటే సరిపోతుంది. నాలుగవది, అవసరం లేని లోపలి భాగాలను తొలగించి పైతొడుగు మాత్రమే మిగుల్చుకోవడం. అయిదవది, మార్చక తప్పని ఆ నాలుగైదు భాగాలకే చరిత్రను తిరిగి నిర్మించుకోవడం. చరిత్రతో నిమిత్తం లేకుండా తలాలను పట్టి లాగి సరిచేసే ప్రత్యక్ష పద్ధతి కూడా గత రెండు దశాబ్దాలలో బాగా వ్యాప్తిలోకి వచ్చింది. సీమెన్స్ 2008లో ఈ తరహా పరిజ్ఞానాన్ని ప్రవేశపెట్టిన తరువాత తక్కినవారూ అదే బాట పట్టారు.

లైసెన్సు భారం తగ్గించే ప్రయత్నాలూ లేకపోలేదు. అందరికీ ఉచితంగా లభించే ఫ్రీక్యాడ్ సాఫ్ట్‌వేర్ ఇరవై ఏళ్లకు పైబడిన అభివృద్ధి తరువాత 2024 నవంబరులో తొలి పూర్తిస్థాయి సంచికగా వెలువడింది. కూర్పులు నిర్మించే సదుపాయాన్ని అందులో అంతర్భాగం చేశారు. స్టెప్ ఫైళ్లను అది చదవగలదు. అతిపెద్ద కూర్పుల విషయంలో ఖరీదైన సాఫ్ట్‌వేర్లతో దీనిని సరిపోల్చడం తొందరపాటే అవుతుంది. చిన్న యూనిట్లు వచ్చిన ఫైలును తెరిచి, కొలిచి, సరిచూసుకోవడానికి మాత్రం నిస్సందేహంగా అక్కరకు వస్తుంది.

ఒప్పందంలోనే ఉంది కిటుకు

చరిత్ర లేని ఫైళ్లు అన్నిసార్లూ సాంకేతిక వైఫల్యం వల్లనే రావు. అనేక సంస్థలు తమ డిజైను గుట్టు బయటపడకుండా ఉద్దేశపూర్వకంగానే ఆకారాన్ని మాత్రమే పంపుతాయి. వారి దృష్టిలో అది న్యాయమే. తయారుచేయడానికి ఆకారం చాలు, ఆలోచన అందజేయవలసిన పని లేదు. మన సరఫరాదారులు సైతం తమ సొంత డిజైన్లను పంపేటప్పుడు ఇదే జాగ్రత్త పాటించడం మంచిది. అయితే సాంకేతిక పరిజ్ఞాన బదిలీ పేరిట మూల్యం చెల్లించి తెచ్చుకునే డిజైన్ల సంగతి వేరు. అక్కడ ఆకారం మాత్రమే చేతికి వస్తే మన ఇంజనీర్లు అదే వస్తువును ఎన్నిసార్లయినా తయారుచేయగలరు గాని, దానిని మెరుగుపరచలేరు. లైసెన్సు తయారీకీ, సొంత రూపకల్పనకూ నడుమ ఉన్న గోడ ఇదే.

కనుక ఫైలు ఏ రూపంలో, ఏ సంచికలో, ఏ వంశవృక్షంతో, ఏ తనిఖీ అంకెలతో రావాలో, దానిని మార్చుకునే హక్కు ఎవరిదో ఒప్పంద పత్రంలోనే స్పష్టంగా రాసుకోవలసి ఉంటుంది. 'డిజైను సమాచారం అందజేయబడును' అన్న ఒక్క వాక్యం కింద కదలని బొమ్మను ఇచ్చినా ఒప్పందం నెరవేరినట్లే అవుతుంది.

కాలం పెట్టే పరీక్ష మరొకటి. విమానం, యుద్ధనౌక, రైలింజను ముప్పై, నలభై ఏళ్లు సేవలో ఉంటాయి. సాఫ్ట్‌వేర్ సంచికలు కొన్నేళ్లకే పాతబడతాయి. ధ్రువ్ హెలికాప్టర్ 1992 ఆగస్టులో తొలిసారి గాలిలోకి లేచినప్పటికి స్టెప్ ప్రమాణం ఇంకా ప్రచురితమే కాలేదు. ఈనాడు అందుకుంటున్న ఫైలును 2060లో తెరిచి చూడవలసిన ఇంజనీరు ఇంకా పుట్టి ఉండకపోవచ్చు. ఇందుకోసమే యూరప్, అమెరికా విమాన పరిశ్రమలు లోటార్ పేరిట దీర్ఘకాలిక భద్రతా ప్రమాణాలను రూపొందించుకుని, స్టెప్ ఆధారంగా డిజైన్లను నిల్వ చేస్తున్నాయి. మన రక్షణ, రైల్వే, నౌకా నిర్మాణ సంస్థలకూ ఈ ముందుచూపు అత్యవసరం.

శిక్షణ విషయంలోనూ దృష్టి మారవలసి ఉంది. బాలానగర్‌లో ఐక్యరాజ్యసమితి సంస్థల సహాయంతో 1968లో ఏర్పడిన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ వంటి కేంద్రాలు తరతరాల పనిముట్ల నిపుణులను దేశానికి అందించాయి. ఖాళీ తెరపై కొత్త భాగాన్ని గీయడం విద్యార్థికి తొలి పాఠం కావచ్చు. ఉద్యోగంలో చేరిన మొదటి రోజున అతడి ముందుకు వచ్చేది మాత్రం ఎవరో, ఎక్కడో, ఎప్పుడో గీసి పంపిన వేల భాగాల కూర్పు. దానిని తెరవడం, శంకించడం, సరిచూడడం, దానిపై తన పనిని నిలబెట్టడం కూడా విద్యలో భాగం కావాలి.

విదేశీ కొనుగోలుదారు పంపిన ఆకారాన్ని పొల్లుపోకుండా లోహంలో దింపగల నేర్పు మన పనివారికి ఉన్నదని ఎగుమతుల లెక్కలే చెబుతున్నాయి. ఆ ఆకారం వెనుకనున్న ఆలోచనను చదవగల నేర్పు, అది రానప్పుడు అడిగి రాబట్టుకోగల పట్టుదల కూడా తోడైతే, రేపటి ఫైళ్లలో కొన్ని అయినా ఇక్కడి నుంచి బయటి దేశాలకు ప్రయాణిస్తాయి.